బల్లి గుడ్డులో దాగిన రికార్డులు

బల్లి మీద పడితే పంచాంగం తెరిచి ఫలం చూసుకునే ఇళ్లు మనవి. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లినీ వెండి బల్లినీ తాకి వస్తే ఆ దోషం పోతుందని మన నమ్మకం. అమెరికాలో, ఐరోపాలో అవే జాతుల చుట్టాలను గాజు పెట్టెల్లో పెట్టి, పేర్లు పెట్టి, తరాల తరబడి పిల్లల్ని చేయిస్తూ పెంచుతున్నారు.

పొడవులో, బరువులో రికార్డులు అందరికీ తెలిసినవే. కొమొడో డ్రాగన్ మూడు మీటర్లు పెరుగుతుంది. 2021లో మడగాస్కర్ నుంచి లోకానికి పరిచయమైన బ్రూకేసియా నానా అనే ఊసరవెల్లిలో మగది తోకతో కలిపి 22 మిల్లీమీటర్లకు మించలేదు. అసలు అబ్బురం మాత్రం గుడ్డు దగ్గర ఉంది.

ఆడా మగా తేల్చేది వేడి

ప్రపంచంలో ఎక్కువ మంది పెంచే బల్లుల్లో లెపర్డ్ గెకో ఒకటి. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, వాయవ్య భారతంలోని ఎండు రాతినేలలు దాని పుట్టిల్లు. మన గోడబల్లికి లేని కనురెప్పలు దీనికి ఉంటాయి. తిండి దొరకని రోజుల కోసం కొవ్వును తోకలో దాచుకుంటుంది. ఒక విడతకు రెండే గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చేది ఆడో మగో క్రోమోజోములు చెప్పవు, గుడ్డు చుట్టూ ఉన్న వేడి చెబుతుంది. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే. 32 దాటితే మగవి ఎక్కువ. 34 దగ్గర మళ్లీ ఆడవే! అంటే ఇంక్యుబేటర్ మీద పెంపకందారు తిప్పే చిన్న మీట ఒక జీవి లింగాన్ని నిర్ణయిస్తోంది. అంతటితో ఆగదు. మగవి ఎక్కువగా పుట్టే వేడిలో పొదిగిన ఆడవి తక్కిన ఆడవాటికంటే దూకుడుగా ఉంటాయని పరిశోధకులు గమనించారు. పుట్టుక ముందే స్వభావం కూడా వండి పెట్టినట్టే.

కోడి తన గుడ్లను తిప్పుతూ పొదుగుతుంది. బల్లి గుడ్డును అలా తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. అందుకే పెంచేవాళ్లు గుడ్డును తీసేముందు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా తడి వెర్మిక్యులైట్ అనే ఖనిజ రేణువుల్లో ఉంచుతారు. ఇంత జాగ్రత్తతో పుట్టిన లెపర్డ్ గెకో పిల్ల ఇరవై ఏళ్లు బతకగలదు. పదేళ్ల పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకున్న బల్లి వాడి పెళ్లి దాకా ఇంట్లోనే ఉంటుంది. కొనేముందు తల్లిదండ్రులు ఆలోచించాల్సిన మొదటి అంకె ఇదే.

ఆస్ట్రేలియా గడ్డం తొండ, అంటే బియర్డెడ్ డ్రాగన్ కథ ఇంకా విచిత్రం. దీనికి లింగ క్రోమోజోములున్నాయి. అయినా గుడ్డు 32 డిగ్రీలకు మించి వేడెక్కితే, మగ క్రోమోజోములున్న పిల్ల ఆడదిగా పుడుతుంది. ఆ ఆడవి మామూలు ఆడవాటికంటే ఎక్కువ గుడ్లు పెడతాయి కూడా. అడవిలోనూ ఇలా జరుగుతోందని 2015లో నేచర్ పత్రికలో తేలింది. ఆ ఆడది మగదానితో జతకడితే పిల్లలకు ఆడ క్రోమోజోమే రాదు. ఒక్క తరంలోనే ఆ కుటుంబం లింగం పూర్తిగా వేడి చేతిలోకి వెళ్లిపోతుంది. ఆయుష్షులో రికార్డు బ్రిటన్‌లో పెరిగిన సెబాస్టియన్ అనే బియర్డెడ్ డ్రాగన్‌ది. 18 ఏళ్లు దాటి బతికి 2016లో పోయింది.

తండ్రి లేని పిల్లలు

ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే కొమొడో డ్రాగన్ మగదాని జోడు ఎరగకుండానే 2006లో గుడ్లు పెట్టింది. వాటికి తల్లి తప్ప మరొకరి జన్యువు లేదని పరీక్షల్లో తేలింది. పిల్లలు పుట్టాయి, అన్నీ మగవే. ఈ జాతిలో తల్లి ఒక్కతే కంటే ఆడపిల్ల పుట్టే వీలు లేదు.

ఇక గుడ్డులో గడిపే కాలం. మడగాస్కర్‌లోని లబోర్డ్ ఊసరవెల్లి ఎనిమిది తొమ్మిది నెలలు గుడ్డులో ఉండి, బయట నాలుగైదు నెలలే బతుకుతుంది. జీవితంలో ఎక్కువ భాగం పెంకులోనే!

న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ మ్యూజియంలో హెన్రీ అనే టుఅటారా 2009లో, 111 ఏళ్ల వయసులో తండ్రయింది. బల్లిలా కనిపించినా ఇది వేరే వంశం. ఏళ్ల తరబడి జతను దగ్గరకు రానివ్వని హెన్రీకి కణితి తొలగించాక కోపం తగ్గింది. ఆ తర్వాతే పదకొండు పిల్లలు.

రంగు కోసం పడిన మూల్యం

న్యూ కాలెడోనియా దీవుల క్రెస్టెడ్ గెకో అంతరించిపోయిందనుకున్నారు. 1994లో మళ్లీ కనబడింది. కొద్ది ఏళ్లలోనే దేశదేశాల ఇళ్లకు చేరింది. అంతరించిందన్న జీవి పెంపుడు జంతువైపోవడం అరుదైన సంగతి.

నన్ను కలతపెట్టిన రికార్డు మరొకటుంది. అమెరికాలో ఒక పెంపకందారు దగ్గర లేత పసుపు, తెలుపు కలిసిన అందమైన లెపర్డ్ గెకో పుట్టింది. లెమన్ ఫ్రాస్ట్ అని పేరు పెట్టి దాని సంతానాన్ని పెంచారు. ఆ రంగు వచ్చిన వాటిలో 80 శాతానికి పైగా చర్మ కణితులు మొలిచాయి. అందానికీ జబ్బుకూ జన్యువు ఒకటేనని కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2021లో తేల్చారు. మనుషుల చర్మ క్యాన్సర్‌తో సంబంధమున్న స్పింట్-1 అనే జన్యువు అది. పరిశోధనకు మేలు జరిగిన మాట నిజమే. కానీ తెలిశాక కూడా ఆ రంగు కోసం జతలు కట్టించడం క్రూరత్వం, మరో మాట లేదు.

మన దగ్గర పెంచాలనుకునేవారికి ఒక మాట. ఉడుము, ఊసరవెల్లి, తిరుమల కొండల బంగారు బల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నాయి. వాటిని పట్టడమూ ఇంట్లో ఉంచడమూ నేరం. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం జాబితాలోని విదేశీ జాతులను పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వాటికి పుట్టిన పిల్లల లెక్క కూడా చెప్పాలి.