ఆమదాలవలస చక్కెర మిల్లు స్థలము: ముందు లెక్కించవలసినది చెరకు

ఆమదాలవలసలోని సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడి రెండు దశాబ్దములు దాటినది. హౌరా-చెన్నై రైలుమార్గము మీదనున్న ఊరిలో ఇంత స్థలము వృథాగా నుండుట జిల్లాకు నష్టమే. మిల్లును తెరిపింతుమను మాట పలు ఎన్నికలలో వినిపించినది. తెరచినను నడచుటకు ఏమేమి కావలెనో రైతు సోదరులు లెక్కించి చూచుకొనుట మంచిది.

ధాన్యమును నెలల తరబడి నిలువ చేయవచ్చును. చెరకు అట్లు కాదు. నరికిన వెంటనే గడలోని చక్కెర విరిగి, గడ్డకట్టని చక్కెరలుగా మారసాగును. కావున 24 గంటలలోపల గానుగ ఆడవలెను. పైగా గడ బరువులో సుమారు 70 శాతము నీరే. దూరము నుండి తెచ్చినచో నీటికే బండికూలి చెల్లించినట్లగును. మిల్లు చుట్టుప్రక్కల పొలములే దానికి ప్రాణము.

రోజునకు 1,250 టన్నులు ఆడు మిల్లును ఉదాహరణగా తీసుకొందము. అది 120 రోజులు నడచుటకు 1,50,000 టన్నుల చెరకు కావలెను. ఎకరమునకు 30 టన్నుల దిగుబడి వచ్చినచో 5,000 ఎకరములు, 25 టన్నులే వచ్చినచో 6,000 ఎకరములు ఏటేటా తోటలో నుండవలెను. చెరకు పది, పన్నెండు నెలల పంట. వేసవిలో తడి ఇవ్వగల భూములే దీనికి తగును. వర్షము మీదనే ఆధారపడు భూములను ఈ లెక్కలో చేర్చరాదు.

“మిల్లు తెరచిన తోట వేయుదుము” అని రైతు అనును. “తోట వేసిన మిల్లు తెరచెదము” అని పెట్టుబడిదారు అనును. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లే ఇది. ఈ చిక్కు వీడవలెనన్న ఇరుపక్షములు వ్రాతపూర్వకముగా కట్టుబడవలెను. రైతు ఎకరముల సంఖ్యను, మిల్లు కోత తేదీని, చెల్లింపు గడువును వ్రాసి ఇవ్వవలెను. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము చెరకు అందిన 14 రోజులలో సొమ్ము చెల్లించవలెను. బకాయి పడిన మిల్లును రైతు మరల నమ్మడు.

లెక్క చూడగా చెరకు చాలదని తేలినచో స్థలమును బీడుగా వదలనక్కరలేదు. ఈ ప్రాంతమున వరి, మొక్కజొన్న విరివిగా పండుచున్నవి. మొక్కజొన్న గింజలో తేమ 14 శాతమునకు మించియుండగా నిలువ చేసిన బూజు పట్టును. కావున ఆరబెట్టు కళ్లములు, యంత్రములు, గిడ్డంగులు అక్కడ నిర్మింపవచ్చును. అవి చిన్నగా మొదలై, పంట పెరిగినకొలది పెరుగగలవు.

కనుక ప్రతి గ్రామమున ఒక పట్టిక వ్రాయుడు: చెరకు వేయదలచిన ఎకరములు, వేసవి నీటి వసతి, నరుకు కూలీలు, మిల్లునకు దూరము. ఆ పట్టికను గ్రామసభలో చదివి అధికారులకు అందజేయుడు. మిల్లు కావలెనో, గిడ్డంగి కావలెనో ఆ పట్టికయే చెప్పును.