జూలో మనం అతిథులం!

సెలవులొచ్చాయంటే చాలు, పిల్లల పేచీ మొదలు... ‘జూకి ఎప్పుడెళ్దాం?’ అని. పులిహోర, పెరుగన్నం కట్టుకుని, నీళ్ళ సీసాలు సర్దుకుని, ఊరి నుంచి వచ్చిన ఆడపడుచు పిల్లల్ని కూడా వెంటేసుకుని బయల్దేరతాం. హైదరాబాద్‌లో నెహ్రూ జూపార్కు 1963లో, విశాఖలో ఇందిరాగాంధీ జూ 1977లో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర జూ 1987లో మొదలయ్యాయి. అమ్మమ్మలు చూశారు, అమ్మలు చూశారు, ఇప్పుడు మనవలు చూస్తున్నారు. మన ఇళ్ళలో అదో చిన్న పండగ!

గేటు దాటాకే కొందరికి ఏమవుతుందో ఏమో... నిద్రపోతున్న సింహాన్ని చూసి చప్పట్లు, ఈలలు. కోతుల బోను దగ్గర వెక్కిరింతలు. నీటిగుర్రం నోరు తెరిస్తే చాలు, అందులోకి ఏదో ఒకటి గిరాటెయ్యడం. ‘టికెట్టు కొన్నాం కదా, ఆ మాత్రం సరదా ఉండొద్దా?’ అంటారు. టికెట్టు కొన్నది చూడటానికి. ఏడిపించడానికి కాదు.

తప్పుకునే దారేదీ?

బస్టాపులో నిలబడ్డ అమ్మాయిని చూసి ఎవడో ఈల వేస్తాడు. పక్కవాళ్ళు నవ్వుతారు. ఆ అమ్మాయి కనీసం దూరంగా జరగగలదు, వచ్చిన బస్సెక్కేయగలదు, గట్టిగా నలుగురినీ పిలవగలదు. మరి బోనులోని ఎలుగుబంటి ఎక్కడికి వెళ్తుంది? నచ్చని చూపుల మధ్య, నచ్చని మాటల మధ్య నిలబడటం ఎలా ఉంటుందో ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఈ సంగతి అందరికంటే ముందు మనకే అర్థం కావాలి.

సింహం రోజులో ఇరవై గంటల దాకా విశ్రాంతిగానే గడుపుతుంది. దాని వేట ఎక్కువగా రాత్రిపూటే. పగలు పడుకోవడం బద్ధకం కాదు, దాని తీరే అంత. ‘లేవట్లేదేంటమ్మా?’ అని పిల్లాడు అడిగితే, ‘నాన్న నైట్‌డ్యూటీ చేసొచ్చి పడుకుంటే మనం గోల చేస్తామా?’ అని అడగండి. చటుక్కున అర్థమవుతుంది.

ప్రేమతో పెట్టినా...

ఏడిపించేవాళ్ళ సంగతి సరే, ‘పాపం, ఆకలేస్తోందేమో’ అని బిస్కెట్లు విసిరేవాళ్ళ మాటేమిటి? ఇది ఎక్కువగా మన ఆడవాళ్ళు చేసే పనే! కానీ జింక నెమరువేసే జంతువు. దాని పొట్ట ఆకులకీ, గడ్డికీ అలవాటు పడింది. బ్రెడ్డు, బిస్కెట్లు ఎక్కువైతే లోపల పులిసిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కోతికి అరటిపండు మంచిదే కదా అనుకుంటాం. మనుషుల కోసం పెంచే అరటిపండులో చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. కోతుల పళ్ళు పాడవుతున్నాయని, షుగరు జబ్బు వచ్చే ప్రమాదం ఉందని ఇంగ్లండులోని పేయింటన్ జూ అరటిపండ్లు పెట్టడమే మానేసింది. ఆ సంగతి 2014లో బయటికి చెప్పింది.

ఇంకో సంగతి. భోజనానికి ముందు పిల్లాడు చిరుతిండి తినేస్తే అన్నం ముట్టడు. వాడికి ఒంట్లో బాగాలేదో, పొట్ట నిండిందో మనకి తెలీదు. జంతువుని చూసుకునే కీపరుకీ అదే ఇబ్బంది. అది మేత ముట్టకపోతేనే జబ్బు చేసిందని ఆయన కనిపెట్టగలిగేది.

ఇక ప్లాస్టిక్ కవరు... తిండి వాసన, ఉప్పు రుచి ఉంటే కవరుతో సహా మింగేస్తాయి. ఇండోనేషియాలోని సురబయ జూలో 2012లో ఓ జిరాఫీ చనిపోయింది. దాని పొట్టలో పెద్ద బంతంత ప్లాస్టిక్ ముద్ద దొరికింది. అదంతా చూడ్డానికి వచ్చినవాళ్ళు పారేసిన తినుబండారాల కవర్లే!

‘నన్ను చూసి నవ్వింది!’

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ జూలో బొకిటో అనే మగ గొరిల్లా ఉండేది. ఒకావిడ వారానికి నాలుగుసార్లు వచ్చి, అద్దం దగ్గర నిలబడి దాని కళ్ళలోకి చూసి నవ్వేది. అదీ తనని చూసి నవ్వుతోందనుకుంది. అలా చూడొద్దని జూవాళ్ళు చెప్పారు కూడా. 2007 మే నెలలో బొకిటో నీళ్ళ కందకం దాటి బయటికొచ్చి ఆవిడనే పట్టుకుని కరిచింది, ఎముకలు విరిగేలా ఈడ్చింది. ఆవిడ బతికి బయటపడింది. గొరిల్లా లోకంలో కళ్ళలోకి సూటిగా చూడటమంటే స్నేహం కాదు, సవాలు! కోతి పళ్ళు బయటపెడితే మనకి నవ్వులా కనిపిస్తుంది, చాలాసార్లు అది భయం. ఆవిడ మనసులో ఉన్నది ప్రేమే కావచ్చు. కానీ ఎదుటి ప్రాణికి అది ఎలా తోస్తోందని అడక్కపోతే, ఆ ప్రేమ మన ముచ్చట కోసమే అవుతుంది.

ఇక కంచె దాటడమా... 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒకతను సింహం ఉండే ఆవరణలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇలాంటివి జరిగినప్పుడు ‘సింహం చంపేసింది’ అంటాం. దాని ఇంట్లోకి వెళ్ళింది ఎవరు?

చట్టమూ ఉంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991లో సవరించినప్పుడు అందులో 38-జె సెక్షన్ చేర్చారు. జూలో జంతువులను ఏడిపించడం, గాయపరచడం, తిండి పెట్టడం, గోల చేసి ఇబ్బంది పెట్టడం, చెత్త వెయ్యడం... అన్నీ నేరాలే. ఆరు నెలల దాకా జైలు శిక్ష కూడా పడొచ్చు.

బయల్దేరే ముందు...

* పిల్లలకి కడుపు నిండా పెట్టి తీసుకెళ్ళండి. తిండి సంచీ బోనుల దగ్గర విప్పకండి. ఖాళీ కవర్లు చెత్తబుట్టలోనే వెయ్యండి.

* జలుబు, దగ్గు ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. 2021లో హైదరాబాద్ జూలో 8 సింహాలకి కరోనా సోకింది. అవి కోలుకున్నాయనుకోండి. కానీ మన జబ్బులు వాటికీ అంటుకోగలవు.

* అన్నీ ఒక్కరోజే చూసేయాలని పరుగులు పెట్టకండి. ఒక బోను దగ్గర పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. అరిచినప్పుడు కనపడనివి చాలా కనిపిస్తాయి.

* ఎవరైనా రాయి తీస్తే, ‘మనకెందుకులే’ అనుకోకండి. దగ్గరున్న సిబ్బందికి చెప్పండి.

* ఏదైనా పెట్టాలని మనసుకి అనిపిస్తే నెహ్రూ జూలో జంతువుల దత్తత పథకం ఉంది. పుట్టినరోజుకి పిల్లల పేరిట డబ్బు కట్టొచ్చు.

పిల్లలు జూలో నేర్చుకునేది జంతువుల పేర్లు మాత్రమే కాదు. ఎదురు చెప్పలేని ప్రాణి ముందు, తప్పించుకోలేని ప్రాణి ముందు ఎలా ఉండాలో అక్కడే నేర్చుకుంటారు. రేపు ఇంట్లో పనమ్మాయితో, మంచాన పడ్డ తాతగారితో, కట్టుకున్న భార్యతో ఎలా ఉంటారన్నది ఇలాంటి చోట్లే మొదలవుతుంది. వాడి చేతిలోంచి రాయి తీసి పారేయాల్సింది మనమే.