ఎడారిలో ఈ రాతి స్తంభం ఎలా నిలిచింది?

అమెరికాలోని యూటా ఎడారిలో ఓ పెద్ద దిబ్బ నెత్తిన ఎర్రరాయి నిటారుగా నిలబడి ఉంటుంది. దాని పేరు క్యాజిల్టన్ టవర్. ఎత్తు దాదాపు 120 మీటర్లు. అంటే నలభై అంతస్తుల మేడంత!

ఎవరు నిలబెట్టారు? ఎవరూ కాదు. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఇసుక తిన్నెలుండేవి. వాటిపై పొరలు పేరుకుని, ఇసుక బిగిసి రాయైంది. తర్వాత పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బి రాతిని చీల్చింది. కింది మెత్తటి పొరలు అరిగేకొద్దీ పైరాయి విరిగిపడింది. చివరికి ఈ స్తంభం మిగిలింది.

ఎక్కేదెలా? ఆ పగుళ్లే ఆధారం! పిడికిలి దూర్చి బిగిస్తే పట్టు దొరుకుతుంది. 1961లో లేటన్ కోర్, హంట్లీ ఇంగాల్స్ తొలిసారి శిఖరం చేరారు. వాన పడితే మాత్రం ఆగాల్సిందే. తడిసిన ఇసుకరాయి నానిన బిస్కెట్‌లా విరుగుతుంది.

ఇంకో వింత: ఈ స్తంభం సెకనుకు దాదాపు ఒకసారి, కంటికి కనబడనంత సన్నగా ఊగుతూనే ఉంటుంది!