కంప్యూటరు పలకకపోతే ఇంజను పోయినట్టు కాదు

కూరగాయలు, మిర్చి బస్తాలు వేసుకుని మార్కెట్టుకు పోయే పికప్ వ్యాను మొరాయిస్తే ఇదివరకు మెకానిక్ చెవితో విని, చేత్తో తడిమి రోగం చెప్పేవాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చి ఓ తీగ తగిలిస్తున్నాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల బళ్లలో ఇంజనును నడిపించే చిన్న కంప్యూటరు ఉంటుంది. దీన్ని ఈసీయూ అంటారు. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకూ కొత్త పొగ నిబంధనలు వచ్చాయి కాబట్టి వాటిలోనూ ఇది చేరింది. పాత పంపు ఇంజను ట్రాక్టరు ఉన్నవారికి ఈ గొడవ లేదు.

తీగ తగిలించాక తెర మీద ‘కనెక్ట్ కాలేదు’ అని వస్తే కొందరు చూసీ చూడగానే ‘ఈసీయూ పోయింది, మార్చాలి’ అనేస్తున్నారు. అది వేలతో పని. సరుకు వాడిపోతోందన్న తొందరలో రైతు సరేనంటాడు. ఇక్కడే ఆగాలి. బోరు మోటారు తిరగకపోతే పైపులు లాగకముందు ఫ్యూజు, స్టార్టరు, కేబులు చూస్తాం కదా! ఇదీ అంతే. బండికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య సాకెట్టు, కేబులు, కంప్యూటరులోని సెట్టింగు ఉన్నాయి. వీటిలో ఏది తప్పినా తెర మీద వచ్చేది అదే మాట.

బండి స్టార్టయి మామూలుగా నడుస్తూ, ల్యాప్‌టాప్‌కు మాత్రం పలకడం లేదంటే ఈసీయూ చాలావరకు బాగున్నట్టే. తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. అదే కేబులును, అదే ల్యాప్‌టాప్‌ను అదే మోడలు బండి మరొకదానికి తగిలించమనండి. దానికీ పలకకపోతే లోపం మెకానిక్ సామానులోనే ఉంది. దానికి పలికితేనే మీ బండి వైరింగు చూడాలి. ఈ పరీక్ష చేయనిదే ఈసీయూ విప్పనివ్వొద్దు.

బండి వైపు చూసేదేమిటి? స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. తాళం తిప్పి మీటరులో దీపాలు వెలిగించాకే పరీక్ష చేయాలి. తాళం తిప్పడం మరిచిపోయి గంటలు పోగొట్టుకునేవారూ ఉన్నారు! సాకెట్టులో 16వ పిన్ను బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులు ఎర్తు. మల్టీమీటరు పెడితే 12 వోల్టులకు అటూ ఇటూగా చూపాలి. చూపకపోతే ఫ్యూజు కొట్టేసి ఉంటుంది. చాలా బళ్లలో ఈ సాకెట్టుకూ, సెల్‌ఫోను ఛార్జింగు పెట్టే రంధ్రానికీ ఒకటే ఫ్యూజు. కాబట్టి బండిలో ఫోను ఛార్జింగు ఎక్కడం లేదంటే ముందు అక్కడే చూడాలి. 6, 14 పిన్నుల తీగల మీదుగా సమాచారం పోతుంది. బ్యాటరీ టెర్మినల్ తీసి ఈ రెంటి మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే లోపల ఎక్కడో తీగ తెగిందనుకోవాలి. ధాన్యం, దాణా మోసే బళ్లలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలే.

ఇక ల్యాప్‌టాప్ వైపు. యూఎస్‌బీ కేబులులోని చిప్పును గుర్తుపట్టేందుకు కంప్యూటరుకు ‘డ్రైవర్’ అనే ప్రోగ్రాం కావాలి. అది లేకపోతే డివైజ్ మేనేజర్‌లో ఆ కేబులు పక్కన పసుపు గుర్తు కనిపిస్తుంది. డ్రైవర్ ఉన్నా, కేబులుకు కంప్యూటరు ఇచ్చిన కామ్ పోర్టు నంబరు, సాఫ్ట్‌వేరులో పెట్టిన నంబరు ఒకటే కావాలి. పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని చిన్న నంబర్లనే చూస్తాయి. కేబులుకు 12 వచ్చిందనుకోండి, పోర్టు సెట్టింగుల్లోకి వెళ్లి 3 గానో, 4 గానో మార్చుకోవాలి.

విత్తనాల్లాగే కేబుళ్లలోనూ నకిలీలున్నాయి. 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ అనే చిప్పుల కంపెనీ డ్రైవర్ ఒకటి విండోస్ అప్‌డేట్‌తో వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు నంబరును సున్నా చేసేసింది. నిన్నటిదాకా పనిచేసిన కేబుళ్లు తెల్లారేసరికి మూగబోయాయి. గగ్గోలు పుట్టడంతో ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. అప్‌డేట్ చేసిన మర్నాడు కేబులు పలకడం మానేస్తే ఈ కోణం కూడా చూడాలి. షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

కనెక్టయ్యాక వచ్చే కోడును చెరిపేయకముందే కాగితం మీద రాయించుకోండి. కోడు రోగలక్షణమే చెబుతుంది గానీ, ఏ సామాను మార్చాలో చెప్పదు. ఉదాహరణకు పీ0087 అంటే డీజిలు ఒత్తిడి తక్కువైందని. పంపు మార్చాలని కాదు. మూసుకుపోయిన డీజిలు ఫిల్టరు వల్ల కూడా అదే కోడు వస్తుంది. ఫిల్టరు ధరకూ పంపు ధరకూ ఎంత తేడా ఉందో వేరే చెప్పాలా?

ఈసీయూలోని ప్రోగ్రాం మార్చాలని మెకానిక్ అంటే మాత్రం గట్టిగా ఉండాలి. ఆ పని జరుగుతుండగా బ్యాటరీ దిగినా, కేబులు ఊడినా నిజంగానే ఈసీయూ చెడిపోవచ్చు. బండి బ్యాటరీకి ఛార్జరు పెట్టాలి. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగు నిండుగా ఉండాలి. కరెంటు కోత వేళ ఆ పని మొదలుపెట్టనివ్వొద్దు.