పక్షవాతము పిదప నడకయు నిలుకడయు: వానిని పరీక్షించు విధము

పక్షవాతము తగిలిన మనుష్యుని బంధువులు వైద్యుని మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "మరల నడువగలడా?" ప్రశ్న సహజమైనదే. కాని అవునని గాని కాదని గాని ఒక్క మాటలో దీనికి బదులు చెప్పుట సరికాదు. ఎంత దూరము నడువగలడు, ఎంత వేగముతో నడువగలడు, ఎట్టి నేలమీద, ఎవరి ఆసరాతో, చేత చెంబు పట్టుకొని నడువగలడా, ఎవరైన పిలిచినప్పుడు తల త్రిప్పి చూచినయెడల తూలునా, అను వానికి వేరువేరుగా సమాధానములు దొరకినప్పుడే ఆ మొదటి ప్రశ్నకు బదులు దొరకినట్లగును.

బస్తరు ప్రాంతమున ఈ విషయమునకు మరింత ప్రాముఖ్యము కలదు. ఏడు జిల్లాల ఈ సంభాగమునకు పెద్ద ఆసుపత్రి జగదల్‌పూరులోని బలిరాం కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాలకు చేరినది. ఆ కళాశాల 2006లో ఆరంభమైనది. తెలుగు మాటలాడువారు హెచ్చుగానున్న భోపాలపట్నమునుండి జగదల్‌పూరునకు 200 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. శబరి యొడ్డుననున్న కోంటావారికిని దారి దగ్గరిది కాదు. వారిలో పలువురు సరిహద్దు దాటి భద్రాచలము పోవుచుందురు. వారమునకొకసారి ఆసుపత్రికి వచ్చి నడక చూపించుకొనుట ఇట్టివారికి సాధ్యమగు పని కాదు. కావున ఆసుపత్రి విడుచు నాడు జరుగు పరీక్ష యేమి చెప్పునో, యేమి చెప్పదో ఇంటివారు తెలిసికొనియుండుట అవసరము.

మెదడునకు రక్తము కొనిపోవు నాళము మూసికొనిపోవుట వలనగాని, చిట్లుట వలనగాని పక్షవాతము కలుగును. మూసికొనిపోవుటయే ఎక్కువమందిలో కారణము. ఇది వృద్ధులకు మాత్రమే వచ్చు వ్యాధి యనుకొనుట పొరపాటు. సికిల్ సెల్ అను రక్తవ్యాధి గల పిల్లలకును ఇది రాగలదు. బస్తరులో ఆ వ్యాధి గల కుటుంబములు అరుదు కావు. దాని నిర్మూలనకై జాతీయోద్యమము 2023 జూలై 1వ తేదీన ఆరంభమైనది. ఆడుకొను పిల్లవాడు హఠాత్తుగా ఒక కాలు ఈడ్చిన యెడల బెణుకని తలచి కట్టు కట్టి ఊరకుండరాదు.

నడచుటకు కాలిబలమొక్కటే చాలునని మనమనుకొందుము. కాని పాదము నేలను తాకుచున్న సంగతి మెదడునకు తెలియవలెను, కన్ను దారిని చూపవలెను, చెవిలోపలి భాగము తల వంపును తెలుపవలెను, వీనినన్నిటిని మెదడు క్షణక్షణము కూర్చుకొనవలెను. అట్లు కూర్చుకొని దేహమును పడకుండ నిలుపుకొను శక్తినే ఇందు నిలుకడ యని వ్రాయుచున్నాము. బ్యాలెన్సు అను మాటకు సంతులనమనియు, సమతుల్యత యనియు పండితులు పర్యాయపదములు కూర్చియున్నారు గాని, నిలుకడ యన్నచో కోంటా సంతలో ఇప్పపువ్వు అమ్ముకొను ముసలమ్మకు సైతము తెలియును.

రోగులందరి నడక ఒక్క తీరుగా నుండదు. ఒకనికి మోకాలు వంగదు, పాదపు కొన పైకి లేవదు. అతడు కాలిని అర్ధచంద్రాకారముగ బయటికి త్రిప్పి వేయును. చిన్నమెదడు దెబ్బతిన్న మరియొకనికి కాళ్ళలో బలమున్నను అడుగులు ఎడముగా పడును, శరీరము తూలును. జీలుగు కల్లు వాడుకలోనున్న ఊళ్ళలో ఇట్టివానిని త్రాగియున్నాడని ఎగతాళి చేయుట కలదు, అది అన్యాయము. ఇంకొకనికి తన ఎడమవైపున లోకమున్నదన్న ధ్యాసయే తప్పును. కన్ను బాగుగనే యున్నను అతడు ఎడమవైపు ద్వారబంధమునకు గుద్దుకొనును.

పరీక్ష నడకతో ఆరంభము కాదు. మంచము అంచున పాదములు నేలనాన్చి, చేతులతో దేనినీ పట్టుకొనక కూర్చుండగలుగుట మొదటి మెట్టు. ఆసరా లేక నిలువబడుట రెండవది. అడుగు వేయుట ఆ పిమ్మటనే. ఇందు తొందరపాటు పనికిరాదు. మొదటి 24 గంటలలోనే రోగిని మాటిమాటికి లేపి నిలిపి ఎక్కువగా నడిపించుట వలన మేలుకు బదులు కీడు కలిగినట్లు 2015లో ప్రకటింపబడిన అవెర్ట్ అను పెద్ద పరిశోధన తెలిపినది. అట్లని భయపడి నెలల తరబడి మంచముననే యుంచుటయు తగదు. కీళ్ళు బిగిసిపోవును, వీపున పుండ్లు పడును. పావురపు నెత్తురు పూసి పడుకొనబెట్టుట వంటి వాడుకలలో గడచిపోవునది ఆ విలువైన కాలమే.

నడకను కొలుచుటకు మిక్కిలి సులభమైన సాధనము గడియారము. చదునైన తావున 14 మీటర్ల దారి గుర్తించి, మొదటి 2 మీటర్లు వేగము పుంజుకొనుటకును, చివరి 2 మీటర్లు ఆగుటకును విడిచి, నడుమనున్న 10 మీటర్లకు ఎన్ని సెకండ్లు పట్టినదో చూతురు. 1995లో అమెరికాలో జాక్వెలిన్ పెరీ అను వైద్యురాలును ఆమె సహచరులును ఈ వేగమును బట్టి రోగులను విభజించిరి. సెకండుకు 0.4 మీటరు కంటె తక్కువ నడచువాడు ఇంటిమట్టునకు నడువగలవాడు, 0.4 మొదలు 0.8 వరకు నడచువాడు ఇరుగుపొరుగులకు పోగలవాడు. అంతకు మించినవాడు ఊరంతయు తిరుగగలవాడు. మన లెక్కలో 10 మీటర్లకు 25 సెకండ్లు పట్టినచో 0.4, పన్నెండున్నర పట్టినచో 0.8 అగును.

ఈ అంకెకు సంతదారిలో గల అర్థము చూడుడు. బస్తరు జీవితమునకు వారపు సంత ఆయువుపట్టు. ఉప్పు కొనుట, తునికాకు డబ్బు చేతికి వచ్చుట, బంధువులను కలిసికొనుట, మందు తెచ్చుకొనుట, అన్నియు అక్కడనే. సంత 3 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. సెకండుకు 0.4 మీటరు నడచువానికి, ఎక్కడను కూర్చుండకపోయినను, పోవుటకే రెండు గంటల ఐదు నిమిషములు పట్టును. ఆరోగ్యవంతుడు 1.2 మీటర్ల చొప్పున ముప్పావు గంట లోపల చేరును. "ఇంటిలో చక్కగా తిరుగుచున్నాడు, సంతకేల రాడు? సోమరితనము" అని ఇంటివారు విసుగుకొనుటకు ముందు ఈ లెక్క వేసికొనవలెను.

రెండవ పరీక్ష కుర్చీనుండి లేచి, 3 మీటర్లు నడచి, వెనుకకు తిరిగి వచ్చి, మరల కూర్చుండుట. దీనికి గడియారము జతపరచి 1991లో పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనువారు ప్రకటించిరి. ఆరోగ్యముగానున్న వృద్ధులు ఇంచుమించు 10 సెకండ్లలో ముగింతురు. 30 సెకండ్లు దాటినవారికి అనేక పనులలో ఇతరుల సాయము కావలసియుండును. ఇందు మిక్కిలి గమనింపదగినది తిరుగుచోటు. పడువారిలో పలువురు తిన్నగా పోవునప్పుడు గాక తిరుగునప్పుడే పడుచుందురు.

మూడవది కెనడాలో కాథరిన్ బెర్గ్ 1989లో ప్రకటించిన నిలుకడ పట్టిక. పదునాలుగు పనులు, ఒక్కొక్కదానికి సున్న మొదలు 4 వరకు మార్కులు, మొత్తము 56. కన్నులు మూసి నిలుచుట, చేయి ముందునకు చాచుట, నేలమీది వస్తువు తీయుట, భుజము మీదుగా వెనుకకు చూచుట, ఒంటికాలిపై నిలుచుట మున్నగునవి ఇందు గలవు. 45 కంటె తక్కువ వచ్చినవారు పడు ప్రమాదము హెచ్చని సాధారణముగ చెప్పుదురు గాని, ఆ ఒక్క అంకెను గీటుగా గైకొనరాదు. పట్టిక గొప్పదే. ఐనను ఇందు నడక లేదు, గొంతుకూర్చుండుటయు లేదు. కుర్చీలు గల దేశమున పుట్టినది గదా! నేలపై కూర్చుండి భుజించి, నులకమంచముపై పండుకొని, గొంతుకూర్చుండి కాలకృత్యములు తీర్చుకొను మనవానికి 50 మార్కులు వచ్చినను, నేలనుండి లేవగలడా యను ప్రశ్న మిగిలియే యుండును. దానిని వేరుగా పరీక్షింపుమని ఇంటివారు అడుగవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది ఆరు తరగతుల నడక విభాగము. సున్న తరగతివాడు నడువలేడు, లేదా ఇద్దరు పట్టుకొనవలెను. ఒకటవవానిని ఒకరు గట్టిగా పట్టుకొనవలెను. రెండవవానికి చేయి తాకించిన చాలును. మూడవవాని ప్రక్కన మనిషియుండి హెచ్చరించిన చాలును. నాలుగవవాడు చదునైన నేలపై ఎవరి సాయము లేకయే నడచును గాని మెట్లకు, ఏటవాలునకు, ఎగుడుదిగుడు నేలకు సాయము కావలెను. ఐదవవాడు ఎక్కడనైనను నడచును.

పట్టణములో నాలుగవ తరగతికిని ఐదవ తరగతికిని నడుమ దూరము స్వల్పము. బస్తరు పల్లెలో అది మిక్కిలి పెద్దది. ఆసుపత్రి వసారా గచ్చుమీద ఎవరి చేయియు పట్టక నడచినవానిని చూచి, "నడక వచ్చినది" యని అందరు సంతోషింతురు. అతడు నాలుగవ తరగతివాడు. ఇంటికి చేరినంతనే అతని యెదుట నుండునది గడప, అలికిన వాకిలి, పశువుల కొట్టము, వేళ్ళు తేలిన బాట, వానకాలమున జారుడు మట్టి, వాగు. చదునైన నేల యెక్కడ? పడినచో సాధారణముగ బలహీనమైన ప్రక్కకే పడును. పనిలేని ఆ కాలి ఎముక అప్పటికే సాంద్రత కోల్పోయియుండును. తుంటి విరుగుట సులభము. తుంటి విరిగినవాడు సున్న తరగతికి తిరిగిపోవును. కావున ఇంటికి పంపు ముందు ఒక్కసారియైనను ఆసుపత్రి ఆవరణలోని మట్టినేలమీదను, ఏటవాలుమీదను నడిపించి చూడుమని ఫిజియోథెరపిస్టును కోరుటలో తప్పులేదు. తరగతి సంఖ్యను విడుదల కాగితముపై వ్రాయించుకొనుట మరియు మంచిది.

పరీక్ష జరుగు భాషను గూర్చి ఒక మాట. గోండి, హల్బీ, దొర్లీ, తెలుగు మాటలాడు రోగికి హిందీలో "లేచి, నడచి, తిరిగి రమ్ము" అని చెప్పి, అతడు కదలనందున చేతకానివాడని వ్రాసికొనుట జరుగరాదు. కుడిప్రక్క పడిపోయినవారిలో పలువురికి మాటయు, మాటను గ్రహించు శక్తియు తగ్గును. అట్టివారికి ఒకరు ముందు చేసి చూపించిన పిమ్మటనే పరీక్షింపవలెను.

ఇంటివద్ద చూడదగిన పరీక్షలు కొన్ని కలవు. 2002 నుండి ఛత్తీస్‌గఢ్ గ్రామములలో పనిచేయుచున్న మితానిన్ ప్రక్కనుండగా చేయుట మేలు. 10 మీటర్ల త్రాడు కొలిచి, సున్నముతో గీతలు గీసి, సెల్‌ఫోనులోని గడియారముతో నెలకు రెండు మారులు వేగము చూచి వ్రాసికొనవలెను. అదే దారి, అదే చేతికర్ర, ఇంచుమించు అదే వేళ యుండవలెను. లేనిచో అంకెలను పోల్చుటకు వీలుపడదు. చేతికర్ర మంచి చేతిలో నుండవలెను. నిలువబడి చేయి జారవిడిచినప్పుడు మణికట్టు గీతకు దాని పై కొస సరిపోవలెను.

నడుచుచుండగా "జోహార్, ఎటు పోవుచున్నావు?" అని పలుకరించి చూడుడు. బదులు చెప్పుటకై అతడు ఆగిపోయినచో, నడకకే అతని ధ్యాసయంతయు ఖర్చగుచున్నదని గ్రహింపవలెను. ఇట్లు ఆగిపోవు వృద్ధులు పడుట హెచ్చని 1997లో స్వీడను దేశపు పరిశోధకులు తెలిపిరి. సంతదారిలో పలుకరింపులకు కొదువయుండదు గనుక, ఇట్టివానిని ఒంటరిగా పంపరాదు. ఆ పిమ్మట సగము నీరు గల చెంబు మంచి చేతికిచ్చి నాలుగడుగులు వేయించి చూడవలెను. కన్నులు మూసి నిలిపించుట మాత్రము ఇంటివారు చేయరాదు. అది శిక్షణ పొందినవారి పని. చీకటిలో తూలుచున్నాడని తెలిసినచో రాత్రివేళ దీపముంచి, తోడు పోవలెను.

ఈ పరీక్షలన్నిటను తోడు మనిషి రోగికి బలహీనమైన ప్రక్కన, కొంచెము వెనుకగా నిలువవలెను. నడుమునకు గట్టి తువ్వాలు బిగించి దానిని పట్టుకొనవలెను. పడిపోయిన చేతిని పట్టి లాగుట ఎంత మాత్రము కూడదు. భుజము కీలు సడలి, నెలల తరబడి నొప్పి పెట్టును. సాధారణముగ మనవారు చేయునది అదియే!

మొదటి మూడు నెలలలో మెరుగు వేగముగానుండును. ఆ మీదట నెమ్మదించునే గాని ఆగిపోవునని లేదు. సెకండుకు 0.16 మీటరు హెచ్చినను రోగి బ్రతుకులో తేడా కనిపించునని పరిశోధకుల యభిప్రాయము. వ్రాసిపెట్టిన అంకెలను తరువాతి మారు వైద్యునకు చూపవలెను.

అంకె క్రమముగా పెరుగుచుండగా ఒకనాడు హఠాత్తుగా నడక చెడినను, ముఖము వంకరయైనను, మాట తడబడినను మరల పక్షవాతము వచ్చినదేమో యని అనుమానింపవలెను. మరునాటికి చూతమనరాదు. రక్తపు గడ్డను కరిగించు మందు లక్షణములు మొదలైన నాలుగున్నర గంటల లోపలనే, అదియు తగినవారికే, ఇయ్యబడును. రోగి మంచిగానుండగా చివరిసారి చూచిన వేళను గుర్తుంచుకొని, 108కి ఫోను చేసి, ఆ వేళను ఆసుపత్రివారికి మొట్టమొదట చెప్పవలెను.