పెద్ద దుకాణము వచ్చిన ఊరు, రాని ఊరు

అమెరికాలోని అయోవా రాష్ట్రము మొక్కజొన్నకు, సోయాచిక్కుడుకు, పందుల పెంపకమునకు పేరు పొందినది. అక్కడి రైతు చాలవరకు తన పొలములోనే ఇల్లు కట్టుకొని కాపురముండును. అతనికి కావలసిన మేకులు, తాళ్లు, బూట్లు, పంచదార, మందులు దగ్గరనున్న చిన్న పట్టణపు అంగళ్లలో దొరకెడివి. 1983 ప్రాంతమున వాల్‌మార్ట్ అను తగ్గింపు ధరల కంపెనీ ఆ రాష్ట్రములో దుకాణములు తెరచుట మొదలుపెట్టినది. 1993 నాటికి, అనగా పదేండ్లలో, అయోవాలో 555 కిరాణా దుకాణములు, 298 ఇనుప సామాను కొట్లు, 293 గృహనిర్మాణ సామగ్రి కొట్లు, 116 మందుల షాపులు తగ్గిపోయినవి. ఈ లెక్కలు తీసినవారు అయోవా స్టేట్ విశ్వవిద్యాలయములో ఆర్థికశాస్త్ర ఆచార్యులును, విస్తరణ సేవలో నిపుణులును అయిన కెన్నెత్ స్టోన్. రైతుల మధ్య పనిచేయు విస్తరణ శాఖవారే ఈ పరిశోధన చేసిరి గనుక అది మన పాఠకులకు కూడ తెలియదగినది.

ఇన్ని కొట్లు ఒక్క కంపెనీ వలననే పోయినవనుట సరికాదు. 1980 దశకములో అయోవాలో భూముల ధరలు పడిపోయి, రైతులు బ్యాంకు అప్పులు తీర్చలేక పొలములు వదలుకొనిరి. రైతు చేతిలో డబ్బు లేనప్పుడు ఊరి అంగడి ఎట్లు నడచును? అయినను పెద్ద దుకాణము దెబ్బ వేరుగా కనిపించుచునే యున్నది.

చవకగా అమ్ముటలో మోసమేమియు లేదు. వాల్‌మార్ట్‌ను స్థాపించిన శామ్ వాల్టన్ తొలుత ఆర్కాన్సా రాష్ట్రములోని ఒక చిన్న పట్టణములో 1945లో కొట్టు పెట్టిన చిల్లర వర్తకుడే. 80 సెంట్లకు కొన్న సరుకును 1 డాలరు 20 సెంట్లకు అమ్మిన 40 సెంట్లు లాభము వచ్చును. దానినే 1 డాలరుకు అమ్మినచో లాభము 20 సెంట్లే గాని మూడింతలు అమ్ముడుపోవును. మొత్తము లాభము 60 సెంట్లగును. ఈ లెక్క ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నదే. 1962లో రోజర్స్ అను పట్టణములో మొదటి వాల్‌మార్ట్ తెరచిన తరువాత, ఇతర కంపెనీలు లెక్కచేయని చిన్న పట్టణములనే ఆయన ఎంచుకొనెను. సొంత గిడ్డంగి కట్టి, లారీ ఒక్క రోజులో వెళ్లగల దూరములో దాని చుట్టును దుకాణములు పెట్టుచు పోయెను. లక్షల సంఖ్యలో ఒకేసారి కొనువానికి తయారీదారు ఇచ్చు ధర, డజను చొప్పున కొను మన కోమటి కెన్నడును దొరకదు.

స్టోన్ పరిశోధనలో గమనింపదగిన విషయము వేరొకటి కలదు. వాల్‌మార్ట్ వచ్చిన పట్టణములో మొత్తము వ్యాపారము తొలుత తగ్గలేదు, పెరిగినది. చుట్టుపట్ల జనము అక్కడకు రాసాగిరి. వచ్చినవారు హోటలులో తినిరి, కుర్చీలు, మంచములు అమ్ము కొట్టులోనికి తొంగిచూచిరి. వాల్‌మార్ట్ అమ్మని సరుకు అమ్మువారు బాగుపడిరి, అదే సరుకు అమ్మువారు దెబ్బతినిరి. ఎక్కువ నష్టము దుకాణము రాని ఊళ్లకే కలిగినది. అట్టి దుకాణములు చేరువలో వెలసిన పదేండ్లకు కొన్ని చిన్న ఊళ్లు తమ చిల్లర వ్యాపారములో 47 శాతము వరకు పోగొట్టుకొన్నవని ఆయన 1997లో వెల్లడించెను. ఆ ఊళ్లలో ఎవరును కొత్తగా అంగడి పెట్టలేదు, ఎవరును పోటీకి రాలేదు. జనము కారెక్కి పొరుగూరికి పోయిరి, అంతే.

నార్త్ కెరొలీనా రాష్ట్రములో నీటి ఒడ్డున ఓరియంటల్ అను చిన్న ఊరున్నది. జనాభా వేయికి లోపే. 2014లో అక్కడ వాల్‌మార్ట్ ఎక్స్‌ప్రెస్ అను చిన్న తరహా దుకాణము తెరచిరి. ఏండ్ల తరబడి ఆ ఊరికి కూరగాయలు, మాంసము అమ్మిన స్థానిక కిరాణా దుకాణము పోటీకి నిలువలేక 2015లో మూతపడినది. 2016 జనవరిలో వాల్‌మార్ట్ ఆ దేశములో 154 దుకాణములు మూయుచున్నట్లు ప్రకటించినది. అందులో 102 ఈ ఎక్స్‌ప్రెస్ తరహావే, ఓరియంటల్‌ది వానిలో నొకటి. కంపెనీకి అది లెక్కల పుస్తకములో ఒక పంక్తి. ఊరిలో మాత్రము పాత కొట్టును లేదు, కొత్త కొట్టును లేదు.

ఇక మన సంగతి. 2006లో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణములు తెరచినది. 2002లో ముంబాయిలో మొదలైన డీమార్ట్ నేడు మన రెండు రాష్ట్రముల పట్టణములలో కనిపించుచున్నది. మన పట్టణములలో కిరాణా వర్తకుల గోడు పత్రికల కెక్కుచునే యున్నది. అయోవా లెక్కను బట్టి చూచిన, చూడవలసినది పట్టణపు వీధిని కాదు, దాని చుట్టునున్న పల్లెలను. ఇంతకాలము పల్లెకొట్టును కాపాడినది దూరము, బస్సు ఛార్జీ. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. అది వారికి మేలు చేసిన పని, సందేహము లేదు. కాని నెల సరుకులు పట్టణములో తెచ్చుకొను ఇల్లాలికి ఇప్పుడు సంచి మోతయే ఖర్చు.

నాలుగు రూపాయలు మిగులుచున్నప్పుడు ఊరి కోమటి మీది అభిమానముతో ఎక్కువ ధర పెట్టి కొనుమని ఏ పేద ఇంటికి చెప్పగలము? పైగా కోత వరకు ఖాతా మీద అరువిచ్చు కొట్టువారిలో కొందరు ఆ అరువుకు వడ్డీని ధరలో కలిపి తీసుకొనుట రైతులెరిగినదే. అరువు తెచ్చుకొన్నవాడు బేరమాడలేడు. అయితే జూన్‌లో విత్తనమునకు, కూలికి డబ్బు పోయి చేతిలో పైసా లేనప్పుడు పట్టణపు పెద్ద దుకాణము గుప్పెడు కందిపప్పైనను అప్పు పెట్టదు. ఈ రెండును తూచి చూచుకొనవలెను.

స్టోన్ అయోవా వర్తకులకు ఇచ్చిన సలహా సూటియైనది: పెద్ద దుకాణము అమ్ము సరుకునే అంతకంటె చవకగా అమ్మబోకుడు, వారివద్ద లేనిది పెట్టుడు, వారు విడిగా ఇయ్యనిది విడిగా ఇండు, జనము పనినుండి తిరిగివచ్చు వేళకు తలుపు తెరచి యుంచుడు, అమ్మిన వస్తువు చెడిన బాగుచేసి ఇండు. మన పల్లెకొట్టుకు కూడ ఇది వర్తించును. సబ్బులు, నూనె ప్యాకెట్లలో పట్టణముతో పందెము పెట్టుకొని గెలుచుట కల్ల. స్ప్రేయరు వాషరు, మోటారు ఫ్యూజు, పైపు జాయింటు, పార కామ, పలుపుతాడు, టార్పాలిన్ పట్టా వంటివి తెల్లవారుజామున అయిదు గంటలకు ఊరిలోనే దొరికినచో రైతు ధర అడుగడు. వరి కళ్లములో నుండగా వాన మబ్బు పట్టినవేళ పట్టాకై పన్నెండు మైళ్లు పోవువాడెవడు? ఒక్క కొట్టువాడు ఇన్ని సరుకులకు పెట్టుబడి పెట్టలేనిచోట నాలుగూళ్ల కొట్లవారు కలిసి టోకుగా కొని పంచుకొనవచ్చును.

స్టోన్‌కు ఏ పట్టణములో ఎంత అమ్మకము జరిగినదో చెప్పు అమ్మకపు పన్ను లెక్కలు అందుబాటులో నుండెను. మన గ్రామాధికారులకు పల్లెవారీగా అట్టి లెక్క దొరకదు గాని, చిన్నదొకటి తయారుచేసికొనుట కష్టము కాదు. ఊరిలో పది ఇండ్లను, చిన్న రైతు, పెద్ద రైతు, కూలి అన్న భేదము లేకుండ ఎంచుకొని, ఒక నెలపాటు ఏ వస్తువు ఊరిలో కొన్నారు, ఏది పట్టణమునుండి తెచ్చిరి, పట్టణమునకు ఎందుకు పోయిరి, నగదుకా అరువుకా అన్నది ఒక నోటుపుస్తకములో వ్రాయించవలెను. ధర కొరకు పోయినవి ఒక వరుసలోను, ఊరిలో దొరకక పోయినవి ఇంకొక వరుసలోను వేయవలెను. రెండవ వరుసను ఊరి కొట్టువారికి చూపి, వానిలో ఏవి తెప్పించగలరో అడుగవచ్చును.