ఒక గదిని రెండుగా జేసికొనుట

1889లో నారంభమైన సింగరేణి బొగ్గుపనికి నూరేండ్లు నిండిన సందర్భమున మా కాలనీకి సెంటినరీ యను పేరు గలిగెను. ఇచ్చటి క్వార్టరులో గదులు కొద్ది. గనిలో షిఫ్టులు మూడు. రాత్రి షిఫ్టు దిగివచ్చిన తండ్రి పగలు నిద్రింపవలెను. ఆ గదియందే పరీక్షకు బోవు బిడ్డ చదువవలెను. కావున మన యిండ్లలో గదిని విభజించుట యలంకారము గాదు, అవసరము.

పలువురు తీగెకు పాతచీర వ్రేలాడదీయుదురు. అది వెలుతురు నాపును గాని మాట నాపజాలదు. కప్పువరకు గోడ పెట్టుటకు మేమొప్పము. ఫ్యాను గదికొక్కటే యైనచో నొక సగమునకు గాలి కరవగును. మా వేసవి యెట్టిదో చెప్పనేల?

బీరువా యొక కొనను గోడకు జేర్చి, గదికడ్డముగా నిలుపుట మేలు. తలుపులు చదువువాని వైపు, వీపు నిద్రించువాని వైపు నుండవలెను. ఆ వీపునకు బొంత గప్పినచో దాని మందము చప్పుడును గొంత మ్రింగును. పైభాగము తెరపిగా నుండుటచే గాలి యాడును. పసివారు తలుపులు పట్టుకొని యెక్కుదురు గనుక, బీరువాను గోడకు ఇనుపబద్దతో బిగింపక విడువరాదు. కిటికీ చదువువానికి, చీకటిమూల నిద్రించువానికి.

కుక్కరు కూత మాత్రము ఏ తెరకును లొంగదు. దానిని తండ్రి లేచిన పిదపనే పొయ్యి కెక్కింపవలెను.